అర్థం తెలియని పాట పాడితే తప్పేమిటి?

నేను ముప్పై అయిదేళ్ళు రక్షణ శాఖ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. సంగీతం గురించి రాయడానికి నాకు ఏ అర్హతా లేదు. సరిగమపదనిస వరుసగా చెప్పగలను, అంతే. అయినా ఈ వ్యాసం ఒక పాట గురించే. ఉద్యోగం నాకు ఒక పాఠం నేర్పింది. బిల్లు ఎంత ముచ్చటగా టైపు చేసి ఉన్నా, కూడికలు ఎంత సరిగ్గా ఉన్నా, వెనకాల వోచరు లేకపోతే పాస్ చెయ్యకూడదు. హేతువాదం అంటే నాకు అర్థమైంది కూడా అంతే.

2024 చివర్లో నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళాం. మా అమ్మాయి వాళ్ళు డల్లాస్ దగ్గర ఉంటారు. మనవరాలికి పదిహేనేళ్ళు. బడిలో కోయిర్, అంటే బృందగానం, ఒక సబ్జెక్టుగా తీసుకుంది. మన బడుల్లో పాటలంటే ఆగస్టు పదిహేనుకీ, వార్షికోత్సవానికీ. టెక్సాస్‌లో అలా కాదు. లెక్కలకీ సైన్సుకీ ఉన్నట్టే దీనికీ ఒక పీరియడు, ఒక టీచరు, మార్కులు. ఒకే బడిలో మూడు నాలుగు స్థాయిల బృందాలుంటాయి. పై బృందంలోకి వెళ్ళాలంటే ఆడిషన్ ఇవ్వాలి. బాగా పాడేవాళ్ళు బడి దాటి ప్రాంతం స్థాయి ఆడిషన్లకు వెళ్తారు. వాటిలో నెగ్గుతూ పోయినవాళ్ళు ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియోలో జరిగే రాష్ట్రస్థాయి బృందంలో పాడతారు. పిల్లలు దీన్ని ప్రాణంగా చూసుకుంటారు.

ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల గదిలోంచి మెల్లగా కూనిరాగం వినిపించింది. బాగుంది. తలుపు దగ్గర నిలబడి అడిగాను.

"ఏం పాటమ్మా అది?"

"ఆడిషన్ పీస్ తాతా. లాటిన్."

"అర్థమేమిటి?"

"తెలీదు. అర్థం అక్కర్లేదు తాతా. వవెల్స్ కరెక్ట్‌గా రావాలి, అంతే."

ఈ మాట నేను ఎక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. మా చిన్నప్పుడు ఇంటికొచ్చే పురోహితుడు గారిని మంత్రానికి అర్థం అడిగితే, "అర్థం నీకెందుకురా, స్వరం తప్పకూడదు" అనేవారు. పైగా త్వష్ట కథ ఒకటి చెప్పేవారు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట యజ్ఞం చేశాడట. 'ఇంద్రశత్రువు' అన్న మాట స్వరం తప్పి పలికాడట. దాంతో కొడుకే ఇంద్రుడి చేతిలో చచ్చాడట. నిజానికి ఆ కథ చెప్పేది పురోహితుడు గారి వాదనకు వ్యతిరేకం. స్వరం మారితే అర్థం మారింది, అర్థం మారినందుకే కొంప మునిగింది. అంటే అర్థమే ముఖ్యమని కదా తేలుతోంది! దాన్ని పట్టుకుని అర్థం అక్కరలేదని వేల ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చారు.

ఇప్పుడు అదే మాట అమెరికాలో, సర్కారు బడిలో, ఇంగ్లీషు యాసలో వినబడింది.

సరే, ఆ పాట ఏమిటో చూద్దామని కూర్చున్నాను. పేరు 'ఆవే వెరుమ్ కోర్పుస్'. మొజార్ట్ 1791 జూన్‌లో, చనిపోవడానికి ఆర్నెల్ల ముందు, బాడెన్ అనే ఊళ్ళో చర్చి గాయకబృందాన్ని నడిపే స్నేహితుడి కోసం స్వరపరిచాడు. క్రైస్తవుల్లో కేథలిక్కులు చేసుకునే 'క్రీస్తు దేహం' పండుగకు. మొత్తం 46 బార్లు, మూడు నాలుగు నిమిషాల పాట. మాటలు మొజార్ట్‌వి కావు, అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందువి.

ఆ మాటల సారాంశం ఇది. మరియకు పుట్టి, మనుషుల కోసం శిలువ మీద బాధపడి, ఈటె పోటుకు పక్కటెముకల దగ్గర నెత్తురూ నీరూ కార్చిన నిజమైన దేహానికి వందనం, మా చావు వేళ నువ్వు మాకు దక్కాలి అని ప్రార్థన. ఆ 'నిజమైన దేహం' ఎక్కడుంది? గురువు చేతిలోని రొట్టెలో ఉంది. పూజలో రొట్టె పదార్థం మారి క్రీస్తు దేహం అవుతుందని కేథలిక్కుల సిద్ధాంతం. 1215లో జరిగిన లాటరన్ మహాసభ దాన్ని అధికారికంగా ప్రకటించింది.

ఈ ఒక్క విషయం మీద యూరప్‌లో ఎన్ని తగాదాలు! 1529లో మార్‌బుర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని ఇదే విషయం మీద వాదించుకుని, రాజీ కుదరక విడిపోయారు. ఇంగ్లండులో 1673లో ఒక చట్టం వచ్చింది. సర్కారు ఉద్యోగం కావాలంటే రొట్టె దేహంగా మారుతుందని నేను నమ్మను అని రాసి ఇవ్వాలి. అంతకు ముందు 1605లో విలియం బర్డ్ అనే స్వరకర్త, ప్రొటెస్టంట్ రాజ్యంలో ఉంటూనే, సరిగ్గా ఈ మాటలకే స్వరాలు కట్టి అచ్చువేశాడు. ఆ ఏడాదే ఆ పుస్తకం దగ్గర ఉందని ఒక ఫ్రెంచివాణ్ణి లండన్‌లో జైల్లో పెట్టారు.

అంటే మనుషుల్ని జైలుకు పంపిన మాటలివి. నా మనవరాలికి ఇవి అచ్చులు.

ఇంతకీ లాటినే ఎందుకు? కారణాలు లేకపోలేదు. లాటిన్ అచ్చులు సూటిగా ఉంటాయి. ఆ, ఏ, ఈ, ఓ, ఊ. ఇంగ్లీషు నాలుక 'ఓ' అనబోయి చివర్లో 'ఊ' లోకి జారుతుంది. నలభై మంది నలభై రకాలుగా జారితే శ్రుతి కలవదు. అందుకని లాటిన్ మంచి సాధన. (అఆలు వచ్చిన తెలుగు పిల్లలకు ఇది నల్లేరు మీద నడక. మా ఆవిడ ఒక్కసారి విని తప్పు లేకుండా పలికింది.) పైగా లాటిన్ ఇప్పుడు ఎవరికీ మాతృభాష కాదు కాబట్టి ఎవరికీ అదనపు లాభం లేదు. పాత పాటలకు కాపీరైటు కూడా ఉండదు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ "ఇది మతం లేని ఉత్తి ధ్వని" అంటే మాత్రం ఒప్పుకోను. పరీక్షకులు మార్కులు వేసే ఉచ్చారణే తీసుకోండి. శిలువకు లాటిన్ మాటను 'క్రూచే' అనాలి. మొజార్ట్ దేశంలో 'క్రూత్సే' అంటారు. మరి 'క్రూచే' ఎక్కడిది? రోము ఉచ్చారణ. దాన్ని అన్ని చోట్లా పాటించాలని 1912లో పదో పయస్ పోపు స్వయంగా ఉత్తరం రాసి ప్రోత్సహించాడు. అచ్చులూ హల్లుల దగ్గర కూడా పోపు గారున్నారన్నమాట!

ఇంకో తమాషా. 1963లో రెండో వాటికన్ మహాసభ, జనం తమ భాషలో పూజ చేసుకోవచ్చని అనుమతించింది. జనానికి అర్థం కావాలి అనే కారణంతోనే. ఈరోజు గుణదలలో పూజ తెలుగులో జరుగుతుంది. నమ్మేవాళ్ళకే అర్థం కావాలని మతం దిగివస్తే, నమ్మనక్కరలేని బడి మాత్రం అర్థం లేకుండా పాడిస్తోంది.

ఇక్కడ నాకు ఇద్దరితో పేచీ వచ్చింది.

మొదటివారు మా వియ్యంకుడు గారు. ఆయనా అప్పుడు అక్కడే ఉన్నారు. పరమ భక్తులు. "బావగారూ, మీరు హేతువాదులు కదా. మన పిల్ల చేత ఏసు పాటలు పాడిస్తుంటే చూస్తూ ఊరుకుంటారా? స్కూలుకు ఉత్తరం రాయించండి" అన్నారు. నేను మనవరాల్ని పిలిచి విష్ణు సహస్రనామం చెప్పమన్నాను. ఆదివారం క్లాసులో నేర్చుకుంది, సగం దాకా గడగడా చెప్పింది. మధ్యలో ఆపి ఒక నామానికి అర్థం అడిగాను. నా మొహం చూసింది. బావగారి మొహం చూసింది. "అది మనది కదండీ" అన్నారాయన. అదీ సంగతి. ఆయనకు అర్థం తెలియకపోవడం మీద అభ్యంతరం లేదు. ఎవరి అర్థం తెలియడంలేదు అన్నదాని మీదే అభ్యంతరం.

రెండోవారు హైదరాబాదులో ఉన్న నా మిత్రుడు, మన సంఘంలో పాతకాపు. ఫోన్లో చెబితే, "పాడొద్దని చెప్పు. ఒక నాస్తికుడి మనవరాలు రొట్టెకు దండం పెట్టడమేమిటి?" అన్నాడు. నిజం చెప్పాలి. ఆ రాత్రి నాకూ అదే సబబు అనిపించింది. మర్నాడు పొద్దున మా అమ్మాయితో, "వేరే పాట ఇమ్మని అడుగు, లేకపోతే ఆ ఆడిషనే మానెయ్యమను" అన్నాను. మా అమ్మాయి కాఫీ ఇస్తూ, "నాన్నా, ఇప్పుడు నీ ఫోన్లో ఏం మోగుతోంది?" అంది. త్యాగరాజ కృతి మోగుతోంది. నలభై ఏళ్ళుగా నాకు పొద్దున అది లేకుండా తెల్లవారదు. రాముడు దేవుడని నేను నమ్మను. పాటని మాత్రం వదల్లేదు. మరి ఆ పిల్ల ఎందుకు వదలాలి?

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు అభిప్రాయం మార్చుకోవాలి. లేకపోతే మనకూ బావగారికీ తేడా ఏముంది?

మిత్రుడికి నేను చెప్పేది ఇది. బహిష్కారం మన దారి కాదు. పాడినంత మాత్రాన నమ్మినట్టు కాదు. ఆ మాటకొస్తే స్వరపరిచినంత మాత్రాన కూడా నమ్మినట్టు కాదు. మతం మీద నమ్మకం లేనివాడని పేరుపడ్డ వెర్డీ 1874లో 'రిక్వియెమ్' ఇచ్చాడు. వాన్ విలియమ్స్ నాస్తికుడిగా మొదలై అజ్ఞేయవాదిగా స్థిరపడ్డ మనిషి, కానీ లాటిన్ పూజాపాఠానికి స్వరాలు కట్టాడు. ఆ సంగీతమంతా మనుషులు చేసిన పని. దాన్ని దేవుడి ఖాతాలో జమ వేసి మనం చేతులు దులుపుకోవడం తప్పుడు లెక్క.

ఇక చట్టం. అమెరికా సుప్రీంకోర్టు 1962లో బడుల్లో సర్కారు రాసిచ్చిన ప్రార్థన చెల్లదంది. 1963లో బైబిలు పారాయణం చెల్లదంది. కానీ అదే 1963 తీర్పులో, మతాన్ని నిష్పక్షపాతంగా ఒక చదువుగా చెప్పడానికి అడ్డులేదని కూడా అంది. ఈ రెండో ముక్కే జనం మరిచిపోతారు.

డల్లాస్ పక్కనే డంకన్‌విల్ అనే ఊరుంది. అక్కడి బడిలో కోయిర్ ఒక క్రైస్తవ గీతాన్ని తమ గుర్తింపు పాటగా పెట్టుకుంటే కేసయింది. 1995లో అప్పీలు కోర్టు, ఆటల కోచ్‌లు పిల్లలతో కలిసి ప్రార్థన చేయడం చెల్లదని, ఆ పాట మాత్రం ఉండవచ్చని చెప్పింది. గట్టి బృందగాన సాహిత్యంలో 60 నుంచి 75 శాతం మత సంబంధమైనదేనని ఆ కేసులో సాక్ష్యం వచ్చింది. నొటేషన్ చూసి పాడడం, వాయిద్యాలు లేకుండా పాడడం నేర్పడానికి ఆ పాట పనికొస్తుంది, కాబట్టి ఉద్దేశం మతం కాదు, చదువు అని కోర్టు వాదన. 1997లో యూటాకు చెందిన ఒక యూదు విద్యార్థిని కేసులో ఇంకో అప్పీలు కోర్టు కూడా దాదాపు ఇదే చెప్పింది. ఇష్టంలేకపోతే పాడకుండా ఉండవచ్చని, మార్కులు తగ్గవని ఆమెకు ముందే చెప్పారు కదా అన్నది అక్కడ ఒక ముఖ్యమైన అంశం.

ఈ తీర్పుల్ని నేను ఒప్పుకుంటాను. కానీ ఆడిటర్ని కాబట్టి ఒక అబ్జెక్షన్ రాస్తాను. ఖర్చు పద్దు 'చదువు' అని చూపించారు. మరి చదువు చెప్పినట్టు వోచరు ఎక్కడ? శ్రుతి నేర్పారు, లయ నేర్పారు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పారు. మాట ఏమిటో చెప్పలేదు. మార్కుల కాగితంలో అన్నిటికీ గడులున్నాయి, అర్థానికి గడి లేదు.

మా మనవరాలు నా పోరు పడలేక టీచరుని అడిగింది. ఆయన మంచివాడే, కష్టపడి నేర్పే మనిషి. "మతం గురించి క్లాసులో మాట్లాడితే గొడవలొస్తాయి, మ్యూజిక్ మీద దృష్టి పెడదాం" అన్నాడట. అసలు తప్పు ఇక్కడుంది. మతాన్ని దూరం పెట్టాలని అర్థాన్ని దూరం పెట్టారు. అర్థం తీసేస్తే పాటలోంచి మతం పోదు. ప్రశ్న పోతుంది. ఏ మతానికైనా అంతకంటే కావలసిందేముంది? అర్థం తెలిసినవాడు "ఇది నిజమా?" అని అడుగుతాడు. తెలియనివాడు కళ్ళు మూసుకుని, తన్మయత్వంతో, శుద్ధమైన అచ్చులతో పాడతాడు.

"పదిహేనేళ్ళ పిల్లలకు రొట్టె సిద్ధాంతాలు ఎందుకండీ?" అనవచ్చు మీరు. పాడడానికి సరిపోయిన వయసు తెలుసుకోవడానికి సరిపోదా? "టైము ఉండదు" అనవచ్చు. మూడు నిమిషాల పాటకు మూడు నెలల సాధన చేయిస్తున్నారు. పది నిమిషాలు ఎక్కువా?

"అర్థం చెబితే అదే మత ప్రచారం అవదా?" అని ఇంకొందరు. ఈ భయంలో కొంత న్యాయం ఉంది. కాలం కూడా అలాగే ఉంది. 2022లో ఆట ముగిశాక మైదానంలో ప్రార్థన చేసిన ఒక ఫుట్‌బాల్ కోచ్ వైపు అమెరికా సుప్రీంకోర్టు మొగ్గింది. 2025లో టెక్సాస్ ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలు వేలాడదీయాలని చట్టం చేసింది, దానిమీద కోర్టుల్లో కేసులు పడ్డాయి. అందుకే నేను అంటున్నాను. గోడ మీద ఆజ్ఞ ఉన్నచోట చేతిలో వివరణ ఉండడం ఇంకా అవసరం. "ఇది నిజం" అని చెప్పడం ప్రచారం. "వీళ్ళు ఇది నిజమని నమ్మారు, వాళ్ళు కాదన్నారు, అందుకు ఇంత జరిగింది" అని చెప్పడం చరిత్ర.

కాబట్టి నా డిమాండ్లు మూడే.

1. మత గీతం ఏదైనా, ఏ భాషదైనా, మొదటి రిహార్సల్‌కు ముందే పదానికి పదం అర్థం కాగితం మీద పిల్లల చేతికి ఇవ్వాలి.

2. అర్థం తెలిశాక పాడనన్నవాళ్ళకు అంతే కష్టమైన వేరే పాట ఇవ్వాలి. మార్కు తగ్గకూడదు, మొహం మాడ్చకూడదు.

3. ఈ రెండూ అన్ని మతాలకూ వర్తించాలి. 'మనది' అనే మినహాయింపు లేదు.

మూడోది మన ఇంటి సంగతి. అమెరికా వాళ్ళకు నీతులు చెప్పి మనం తప్పించుకోలేం. కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దున అసెంబ్లీలో సంస్కృత, హిందీ ప్రార్థనలున్నాయి. రక్షణ శాఖలో పనిచేసే మా బోటివాళ్ళ పిల్లలు ఎక్కువగా చదివేది వాటిల్లోనే. ఆ ప్రార్థన మీద సుప్రీంకోర్టులో కేసు పడితే, 2019 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి దాన్ని పెద్ద బెంచికి పంపింది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన ఉండరాదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ప్రార్థన బోధన కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చుకుంటారు. నేనడిగేది చిన్న ప్రశ్న. ఆ లైనులో నిలబడ్డ పిల్లలకు అర్థం చెప్పారా? పాడనన్న పిల్లవాణ్ణి ఏంచేశారు?

పాడకుండా ఉండే హక్కు మన దేశంలో లేనిది కాదు. 1985లో కేరళలో జెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు, జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు గానీ, తమ మతం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి పంపేశారు. హైకోర్టు కూడా వాళ్ళ మాట వినలేదు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ చిన్నప్పరెడ్డి మన తెలుగువాడే. ఆ పిల్లల నమ్మకం నాకు మూఢంగానే కనిపిస్తుంది. కానీ వాళ్ళ నోరు మూసుకునే హక్కు నాకు నా హక్కంత విలువైనది. రేపు నా మనవడు లైనులో నోరు మూసుకుంటే వాణ్ణి కాపాడేది ఆ తీర్పే.

అర్థం సంగతికి వస్తే మనకూ ఒక వారసత్వం ఉంది. పెళ్ళిపీటల మీద కూర్చున్న ఇద్దరికీ తామేం అంటున్నామో తెలియకపోవడం అన్యాయమని కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో 'వివాహ విధి' రాశారు. ఆయన పెళ్ళి మానెయ్యమనలేదు. తెలిసి చేసుకోమన్నారు. నేను పాట విషయంలో అంటున్నది అదే.

చివరికి ఏమయిందంటారా? మా అమ్మాయి టీచరుకి మర్యాదగా ఒక ఈమెయిల్ రాసింది. 1963 తీర్పు ఏమంటుందో రెండు వాక్యాల్లో చెప్పింది. ఆ తర్వాతి వారం ఆయన అర్థం కాగితం తెచ్చి, పది నిమిషాలు తీసుకుని, లాటిన్ పదాల కింద ఇంగ్లీషు పదాలు చదివి వినిపించాడు. ఒకమ్మాయి వేరే పాట అడిగింది, ఇచ్చాడు. గొడవలేమీ రాలేదు. మా మనవరాలు ఈ పాటే పాడింది. అడ్డుపడే అవకాశం నాకు ఇవ్వలేదు. "అడగమన్నావు, అడిగాను. పాడాలా వద్దా అన్నది నా ఇష్టం తాతా" అంది. పై బృందంలో చోటు రాలేదు, నొటేషన్ చూసి పాడేచోట తడబడిందట. వచ్చే ఏడు మళ్ళీ ఇస్తానంది.

ఆ రాత్రి ఇంకోసారి పాడి వినిపించింది. ఈటె పోటు మాట వచ్చేచోట స్వరం ఎటో తిరుగుతుంది. అక్కడ ఆగి, "ఇక్కడ ఎందుకు ఇలా మారుతుందో ఇప్పుడు తెలిసింది" అంది.

"తెలిశాక నమ్మావా?" అన్నాను.

"లేదు తాతా. వాళ్ళు నమ్మారని తెలిసింది."

బావగారు పక్క కుర్చీలోనే ఉన్నారు. ఆ పిల్ల ఆయన వైపు తిరిగి, "తాతగారూ, మరి సహస్రనామంలో ఆ నామానికి అర్థం చెప్పండి" అంది. ఆయన లేచి కళ్ళజోడు వెతుక్కుంటూ పుస్తకం కోసం వెళ్ళారు.

మిత్రులారా, మీ ఇళ్ళల్లో బడికి వెళ్ళే పిల్లలుంటే ఈ సాయంత్రం అడిగి చూడండి. పొద్దున బడిలో ఏం పాడావు, దాని అర్థమేమిటి అని.